ఏ బాధా లేదు, రిపోర్టులో మాత్రం మందులకు లొంగని బ్యాక్టీరియా... మాత్రలు వాడాలా?

ప్రశ్న: నా వయసు 34. క్యాంటీన్ వంటగదిలో పని చేస్తాను. ఈమధ్య చేసిన పరీక్షల్లో నా మలంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉందని, అది చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగదని తేలింది. నాకు జ్వరం, విరేచనాలు ఏమీ లేవు. సూపర్‌వైజర్ గారు ఏదైనా గట్టి మందు వాడి క్లీన్ రిపోర్టు తెమ్మంటున్నారు. ఇంట్లో నెలల పాప ఉంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు తప్పు చేశారని ఈ రిపోర్టుకు అర్థం కాదు. కలుషితాహారం తిన్నా, పచ్చి మాంసం పట్టుకున్న చేత్తో నోరు తుడుచుకున్నా సాల్మొనెల్లా పేగుల్లోకి చేరుతుంది. కొందరిలో ఏ బాధా పెట్టకుండా కొన్ని వారాలు ఉండి, దానంతటదే పోతుంది.

గట్టి మందు సంగతి అంటారా, దయచేసి ఆ పని చేయకండి. పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియానే సాల్మొనెల్లాను అదుపులో ఉంచుతుంది. యాంటీబయాటిక్ వేసుకుంటే ముందు చచ్చేది ఆ మంచి బ్యాక్టీరియానే. మందుకు లొంగని సాల్మొనెల్లా మిగిలిపోయి, ఖాళీ అయిన చోట పెరుగుతుంది. అలా త్వరగా పోవాల్సింది కాస్తా ఇంకా ఎక్కువ రోజులు ఉండిపోవచ్చు. పైగా మందును తట్టుకునే జన్యువులు పక్కనున్న ఈ.కొలి లాంటి వేరే బ్యాక్టీరియాకూ అంటుకోగలవు.

మందులకు లొంగకపోయినా, వేడికీ సబ్బుకూ ఇది లొంగుతుంది. ఆహారం లోపలిదాకా 75 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే మామూలు సాల్మొనెల్లా లాగే చస్తుంది. మీ విషయంలో అసలు భయం వండాక చేత్తో ముట్టుకునేవాటితోనూ, పచ్చిగా వడ్డించేవాటితోనూ. కొన్నాళ్లు ఆ పని వేరొకరికి అప్పగించమని అడగండి. టాయిలెట్‌కు వెళ్లొచ్చాక ఉంగరాలు, వాచీ తీసి, బొటనవేళ్లు, గోళ్ల సందులు, మణికట్టు వరకు 20 సెకన్లు సబ్బుతో రుద్ది కడగండి. తడి చేతులు పేపర్ టవల్‌తో తుడుచుకుని, దాంతోనే కుళాయి కట్టేయండి. శానిటైజర్ దీనికి బదులు కాదు. గ్లౌజులున్నాయన్న ధీమా కూడా వద్దు. వాటితోనే ఫోను పట్టుకుని మళ్లీ ఆహారం ముట్టుకుంటే ఏం లాభం?

విరేచనాలు మొదలైతే మాత్రం పని మానేయాలి, పూర్తిగా తగ్గాక కనీసం 48 గంటలు ఆగాలి. జీతం కోస్తారనే భయంతో విరేచనాలు దాచిపెట్టి పనిలోకి వచ్చేవాళ్ల వల్లే నిజమైన ముప్పు. ఈ మాట మీ సూపర్‌వైజర్ గారికి కూడా చెప్పండి.

రిపోర్టులో టైఫి, పారాటైఫి (టైఫాయిడ్, పారాటైఫాయిడ్ జ్వరాలు తెచ్చే సాల్మొనెల్లా రకాలు) అని ఉందేమో చూడండి. ఉంటే సంగతి వేరు. ఆ రకాలు పిత్తాశయంలో ఏళ్ల తరబడి దాక్కోగలవు. వాటికి డాక్టర్ పర్యవేక్షణలో చికిత్స తప్పదు. వరుస పరీక్షల్లో నెగెటివ్ వచ్చేదాకా వంటపని చేయకూడదు.

పాపకు పాలు పట్టే ముందు కూడా చేతులు అలాగే కడగండి. పసిపిల్లల్లో ఈ ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకే ప్రమాదం ఎక్కువ. జ్వరం వచ్చినా, విరేచనాలైనా, మలంలో రక్తం కనిపించినా వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, మీ రిపోర్టు కూడా చూపించండి. ఏ మందు పని చేయదో ముందే తెలిస్తే సరైనది మొదటి రోజే ఇవ్వగలుగుతారు.