మీ డబ్బాలో బంగారం ఎంత, సేకరణ ఎంత?

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. పద్దెనిమిదేళ్లుగా నాణేలు సేకరిస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర దాదాపు నలభై బంగారు నాణేలున్నాయి. ఎక్కువ భాగం పాత సావరిన్లు (బ్రిటిష్ బంగారు నాణేలు), కొన్ని క్రూగర్‌రాండ్లు, మేపుల్ లీఫ్‌లు, ఓ ఆరు మాత్రం గ్రేడింగ్ (నాణెం అసలుదా, ఎంత బాగుంది అని సంస్థ చేత తేల్చించడం) చేయించిన అరుదైనవి. రిటైర్మెంట్‌కి ఇవే సరిపోతాయన్న నమ్మకంతో మిగతా పొదుపు తగ్గించేశాను. ఈసారి వచ్చే బోనస్ కూడా నాణేల మీదే పెడదామనుకుంటున్నాను, మా ఆవిడ ససేమిరా అంటోంది. ఇంట్లో ఉంచాలంటే టెన్షన్, లాకర్లో పెడితే చూసుకునే ఆనందం ఉండదు. పైగా ఒక సావరిన్ మసకబారిందని పాలిష్ గుడ్డతో తుడిచాను. అది పాడైనట్టేనా?

జవాబు: ఆ బోనస్ నాణేల మీద పెట్టకండి. ఈ విషయంలో మీ ఆవిడ మాటే సరైనది. అలాగని ఉన్నవన్నీ అమ్మేయమని చెప్పడం లేదు, పద్దెనిమిదేళ్ల ఇష్టాన్ని ఎవరూ అలా తీసిపారేయలేరు, తీసిపారేయాల్సిన పనీ లేదు. కానీ మీ లెక్కలో ఒక పెద్ద పొరపాటు ఉంది, ముందు దాని సంగతి చూద్దాం.

మీ డబ్బాలో రెండు వేర్వేరు రకాల సొమ్ము ఉంది. రెండూ పచ్చగా మెరుస్తున్నాయి కాబట్టి మీకు ఒకటిగా కనిపిస్తున్నాయి. 1967లో దక్షిణాఫ్రికా తెచ్చిన క్రూగర్‌రాండ్, 1979లో కెనడా తెచ్చిన మేపుల్ లీఫ్, ఇవి బంగారం సులువుగా చేతులు మారడానికే పుట్టిన నాణేలు. ఔన్సు నాణెంలో 31.1 గ్రాముల మేలిమి బంగారం ఉంటుంది. క్రూగర్‌రాండ్ తూకం 33.93 గ్రాములు వస్తుంది, ఎందుకంటే అది 22 క్యారట్లది, ఆ మిగతాది రాగి. వీటి ధర బంగారం ధర వెంటే నడుస్తుంది, ఏ సంవత్సరానిదని ఎవరూ పెద్దగా అడగరు, అమ్మాలంటే కొనేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు.

మీ ఆరు గ్రేడెడ్ నాణేల దారి వేరు. సావరిన్‌నే తీసుకోండి, మీకు బాగా తెలిసిన నాణెం కదా. బరువు 7.988 గ్రాములు, అందులో మేలిమి 7.32 గ్రాములు. 1917లో లండన్‌లో ముద్రించిందీ అదే ఏడాది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ముద్రించిందీ పక్కపక్కన పెట్టి చూస్తే అదే గుర్రం బొమ్మ, అదే డ్రాగన్ బొమ్మ, అదే బంగారం. భూతద్దం పెట్టి సంవత్సరానికి కాస్త పైన, గుర్రం కాళ్ల కింద నేల మీద చూస్తే పెర్త్ నాణేనికి 'పి' అనే చిన్న ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది, లండన్ నాణేనికి అక్కడ ఏమీ ఉండదు. లండన్ 1917 నాణేలు చాలా కొద్దిగానే మిగిలాయి కాబట్టి ఆ ఖాళీ జాగాకే సేకర్తలు ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తారు. అందుకే ఆ సంవత్సరానికి నకిలీలూ చాలానే పుట్టుకొచ్చాయి. అంటే అక్కడ మీరు కొంటున్నది అరుదుదనం. రేపు మీరు అమ్మే రోజున అదే అరుదుదనం కావాలనుకునే ఇంకో మనిషి, చేతిలో డబ్బుతో, మీకు ఎదురుపడాలి.

దీన్ని అంకెల్లో చెప్తాను. ఒక నాణెంలోని బంగారం విలువ 100 అనుకోండి. అరుదైనదని మీరు 160 పెట్టి కొన్నారు. పైన పెట్టిన ఆ 60 సేకర్తల ఉత్సాహం మీద ఆధారపడింది. బంగారం 20 శాతం పెరిగితే 100 కాస్తా 120 అవుతుంది, కానీ ఆ 60 పెరగొచ్చు, అక్కడే ఉండొచ్చు, 30కి కూడా పడిపోవచ్చు. దానికి తోడు డీలర్ అమ్మే ధరకీ కొనే ధరకీ తేడా, వేలంలో పెడితే కమీషన్, డబ్బు చేతికి రావడానికి నెలల ఎదురుచూపు. మీరు బహుశా కేటలాగ్‌లో చూసిన ధరలన్నీ కూడి రిటైర్మెంట్‌కి సరిపోతాయని అనుకుంటున్నారు. కేటలాగ్ ధర కొనేవాడు కట్టే ధర, మీకు వచ్చే ధర కాదు.

పోనీ మొత్తం ఔన్సు నాణేలే అయినా రిటైర్మెంట్ బరువంతా వాటి మీద మోపనివ్వను. 1980 జనవరిలో బంగారం ఔన్సు 850 డాలర్లకు చేరింది. ఆ అంకెను మళ్లీ దాటింది 2008 జనవరిలో. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు! ఆ కాలంలో పెరిగిన ధరలను లెక్కలో వేసుకుంటే నష్టం ఇంకా ఎక్కువ. అలాంటి కాలం మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, వస్తే ఓపిక పట్టడానికి 49 ఏళ్ల మనిషికి అంత వ్యవధి లేదు. పైగా నాణెం వడ్డీ ఇవ్వదు, అద్దె తేదు, నెల ఖర్చుకి అందులోంచి ఒక ముక్క విరిచి వాడుకోలేం.

ఈ వారాంతం ఒక పని చేయండి. పెద్ద కాగితం తీసుకుని నాణేనికి ఒక వరస చొప్పున రాయండి. మొదటి గడిలో అందులోని మేలిమి బంగారం బరువును ఈరోజు ధరతో గుణించి వేయండి. రెండో గడిలో ఒక డీలర్ ఈరోజు కొంటానని రాసిచ్చే ధర, వీలైతే ఇద్దరి దగ్గర. మూడో గడిలో మీ మనసులో ఉన్న ధర. చాలామందికి రెండో గడి, మూడో గడి పక్కపక్కన చూసినప్పుడే విషయం అర్థమవుతుంది. రిటైర్మెంట్ లెక్కలోకి మొదటి గడి మొత్తం మాత్రమే తీసుకోండి, డీలర్ అంతకంటే తక్కువ చెప్తే ఆ తక్కువదే. నా దగ్గరికి వచ్చేవాళ్లకి బంగారం ఏ రూపంలో ఉన్నా మొత్తం పొదుపులో పది శాతం దగ్గర ఆపమంటాను. మీరు ఎప్పుడో దాటేసి ఉంటారు. కాబట్టి బోనస్‌లోంచి ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి, మిగిలింది మీరు తగ్గించేసిన పొదుపులోకి. ఇకపై కొత్త నాణెం కొనాలంటే ఒక పాతది అమ్మి కొనండి, లేదా ప్రతినెలా సరదా ఖర్చుకి పెట్టుకునే డబ్బులోంచి కొనండి. మంచి సేకర్తలు చాలామంది ఇలాగే చేస్తారు, సేకరణ కూడా చిక్కబడుతుంది.

భద్రత గురించి. రెండు చోట్ల ఉంచండి: అరుదైనవీ ఎక్కువ బంగారం ఉన్నవీ లాకర్లో, మనసుకి దగ్గరైన నాలుగైదు ఇంట్లో. లాకర్లో ఉన్నవాటికి రెండు వైపులా మంచి వెలుతురులో ఫొటోలు తీసిపెట్టుకోండి. చూసుకునే ఆనందం కొంత దక్కుతుంది, పోతే సాక్ష్యంగా కూడా పనికొస్తుంది. మామూలు ఇంటి బీమా నాణేలకు చాలా తక్కువ పరిమితి పెడుతుంది, కాబట్టి వేరే కవర్ కావాలా అని రాతపూర్వకంగా అడగండి. కొన్న రసీదులు పారేయకండి, అమ్మేటప్పుడు పన్ను లెక్కకీ, నాణెం మీదేనని చూపడానికీ అవే ఆధారం. అమెరికాలో 1933 నాటి ఇరవై డాలర్ల బంగారు నాణెం, డబుల్ ఈగిల్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. చట్టబద్ధంగా సొంతం చేసుకోదగ్గ ఒకే ఒక్కటి 2021లో 1 కోటి 89 లక్షల డాలర్లకు అమ్ముడైతే, ఒక కుటుంబం దగ్గర బయటపడిన అలాంటివే పది నాణేలు ప్రభుత్వానివేనని కోర్టు తేల్చింది. ఆ కుటుంబానికి పైసా రాలేదు. రెండింటిలోనూ బంగారం సరిగ్గా అంతే, 30 గ్రాములు. తేడా అల్లా కాగితాల్లోనే.

ఇంకో మాట, ఇది నాకు బాధ కలిగించిన విషయం. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో పెద్దాయన పోయాక పిల్లలు ఆయన నాణేల డబ్బా మొత్తం ఒక బంగారం కొట్లో తూకానికి ఇచ్చేశారు. అందులో ఏది మామూలుదో, ఏది అరుదైనదో ఆయనకొక్కడికే తెలుసు, ఎక్కడా రాసిపెట్టలేదు. అన్నీ కరిగించేశాక ఆయన కొన్న రసీదులు బీరువాలో దొరికాయి. ఆయన కూతురు ఆ రసీదులు నా బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చదువుతుంటే నేను ఏమీ అనలేకపోయాను. మీరు తయారుచేసే కాగితంలో నాలుగో గడి పెట్టండి, "దీన్ని తూకానికి ఇవ్వొద్దు" అని ఆ ఆరింటి పక్కన రాయండి, ఎవరికి చూపించాలో కూడా రాయండి. మీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి.

నకిలీల భయం మీరు రాయలేదు గానీ, నలభై నాణేల్లో గ్రేడింగ్ లేనివి ముప్పైనాలుగు ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను. బరువు, వ్యాసం, మందం మూడూ కలిపి చూడండి. సావరిన్ వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. చవక లోహాలు బంగారం కంటే చాలా తేలిక, కాబట్టి బరువు సరిపెట్టాలంటే మందమో వ్యాసమో పెంచక తప్పదు. టంగ్‌స్టన్ ఒక్కటే ప్రమాదం, దాని సాంద్రత 19.25, బంగారానిది 19.3. కాబట్టి ఔన్సు నాణేలు తూకం సరిపోయినంత మాత్రాన వదిలేయకుండా డీలర్ దగ్గర యంత్రంతో పరీక్ష చేయించండి.

ఇక ఆ తుడిచిన సావరిన్. గుడ్డతో రుద్దినప్పుడు పైన వెంట్రుక మందం గీతలు పడతాయి, దీపం కింద నాణేన్ని వంచి తిప్పితే ఒకే దిశలో మెరుస్తూ కనిపిస్తాయి. గ్రేడింగ్ సంస్థలు అలాంటి నాణేనికి 70 పాయింట్ల స్కేలు మీద అంకె ఇవ్వకుండా శుభ్రం చేసినదని రాసిస్తాయి, సేకర్తలు ఇచ్చే అదనపు ధర చాలావరకు పోతుంది. అది మామూలు సంవత్సరందైతే దిగులు పడకండి, బంగారం ఎక్కడికీ పోలేదు, మొదటి గడిలో దాని విలువ అలాగే ఉంటుంది. మిగతావాటిని మాత్రం అంచులు పట్టుకునే ఎత్తండి, తుడవకండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఉంటే ఈరోజే తీసేయండి, అవి కాలం గడిచేకొద్దీ ఆకుపచ్చ జిగురు వదులుతాయి. మైలార్ (పీవీసీ లేని పాలిస్టర్ ప్లాస్టిక్) కవర్లు వాడండి. జిగురు ఇప్పటికే పట్టి ఉంటే స్వచ్ఛమైన ఎసిటోన్‌లో కాసేపు ఉంచి, రుద్దకుండా ఆరనివ్వండి. గాలి ఆడేచోట, మంటకి దూరంగా చేయండి.