ముందు అమ్మతో మాట్లాడండి

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా సియాటిల్‌లో ఉంటున్నాం. దీపావళికి మా అమ్మాయి చదివే బడిలో హిందూ మతం గురించి మాట్లాడాను. ఒక టీచరు కులాల సంగతి అడిగితే, అది పాతకాలపు వృత్తుల విభజన, ఇప్పుడు లేదని చెప్పాను. ఇంటికి వచ్చాక పద్నాలుగేళ్ల మా అమ్మాయి, "మరి నాయనమ్మ ఇంట్లో తోట తాతకు వేరే గ్లాసు ఎందుకు?" అని నిలదీసింది. కసిరాను. అప్పటినుంచి నాతో ముభావంగా ఉంటోంది. మన ధర్మం చులకన కాకుండా ఇలాంటి ప్రశ్నలకు ఎలా జవాబు చెప్పాలి?

జవాబు: అలాంటి కిటుకు నా దగ్గర లేదు. ఉన్నా చెప్పను.

పోయిన వేసవిలో బత్తాయి తోటకు నీళ్లు పెట్టే ఆ ముసలాయనను మీ అమ్మాయి "తాతా" అని పిలిస్తే, "వాడు నీకు తాత ఏమిటే" అని మీ అమ్మగారు గదిమారని మీరే రాశారు. ఆయన టీ తాగి, గ్లాసు తానే కడిగి, కొట్టం గోడ మీద బోర్లించి వెళ్లాడు. మీరు అరుగు మీద ఫోను చూసుకుంటున్నారు. పిల్ల ఆ గ్లాసునూ చూసింది, మిమ్మల్నీ చూసింది.

మీ భయం అమెరికా టీచరుతో కాదు, అమ్మతో. ఇంత వయసొచ్చిన కొడుకు తల్లికి ఒక్క మాట చెప్పలేకపోతే దాన్ని మనవైపు గౌరవమంటారు. నేను అనను.

ఇక "ఇప్పుడు లేదు" అన్నారే! 2018లో మిర్యాలగూడలో వేరే కులం అమ్మాయిని పెళ్లాడిన దళిత యువకుడు ప్రణయ్‌ను గర్భిణి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపింది కులం కోసం కాదా? 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మీరుంటున్న సియాటిల్ 2023లో కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ఆ టీచరు పత్రికలు చదవరనుకున్నారా? అంతెందుకు, 1916లోనే పాతికేళ్ల అంబేద్కర్ న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో కులం పుట్టుక గురించి విప్పి చెప్పారు. మీరు దాచడానికి మిగిలిందేమీ లేదు.

బడిలో చెప్పింది అబద్ధమని ఈ రాత్రే అమ్మాయితో ఒప్పుకోండి. మళ్లీ ఎవరైనా అడిగితే, ఉంది, మా ఇంట్లోనూ ఉంది అనండి. నేనూ రోజూ దీపం పెట్టే మనిషినే, ఆ మాటతో ఆరిపోయే ధర్మం కాదిది.

అమ్మగారికి మాత్రం ఫోనులో చెప్పకండి. సంక్రాంతికి వస్తున్నారు కదా, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. ఏడుస్తారు. అమెరికా పోయి మాకు నీతులు నేర్పుతున్నావా అంటారు. రెండు పూటలు అన్నం మానేస్తారు. మీరు మెత్తబడకండి. టీ మీరే పెట్టి, అందరికీ ఇంట్లో గ్లాసుల్లోనే పోయండి.

ఆ ముసలాయన "వద్దు పటేలా" అనవచ్చు. బలవంతపెట్టకండి. మీ మంచితనానికి ఆయనను సాక్షిగా నిలబెట్టొద్దు. అంతకన్నా ముందు, ఆయనకు కూలి ఎంత ఇస్తున్నారో, పాత బాకీ పేరుతో ఎంత పట్టుకుంటున్నారో అమ్మగారిని అడగండి. అంత పొడుగు ఉత్తరంలో ఆ సంగతి ఒక్క ముక్క లేదు.