విప్ జారీ అయ్యాక ఎంపీకి మిగిలే దారి

నియోజకవర్గానికి నష్టం చేసే బిల్లుకు మా ఎంపీ అనుకూలంగా ఓటు వేయడం ద్రోహం కాదా అని మీరు అడిగారు. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, పార్టీ విప్‌ను, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటు వేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, 15 రోజుల్లోగా పార్టీ క్షమించకపోతే అనర్హత వేటు పడవచ్చు కనుక, ఆ ఒక్క ఓటును బట్టి ఆయనను తప్పుపట్టడం తొందరపాటే అవుతుంది. అసలు బేరసారాలు అంతకు ముందే జరుగుతాయి. బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీ అయిన స్థాయీ సంఘానికి బిల్లు వెళితే (అన్నీ వెళ్లవనుకోండి), అక్కడి సభ్యుడు నివేదికకు అసమ్మతి పత్రం జతచేయవచ్చు. సభలో 377వ నిబంధన కింద స్థానిక సమస్యను ప్రస్తావించవచ్చు. లోక్‌సభ వెబ్‌సైటులో ఆయన ప్రశ్నలు, ప్రస్తావనలు వెతకండి; అక్కడ కూడా ఆయన మౌనంగానే ఉంటే మీ అనుమానం సబబే.