కోల్న్‌బ్రూక్ పూటకూళ్ల ఇల్లు: కథెంత, చరిత్రెంత?

ప్రశ్న: ఇంగ్లాండులోని కోల్న్‌బ్రూక్‌లో ‘ఆస్ట్రిచ్’ అనే పురాతన పూటకూళ్ల ఇంటి యజమాని బస చేసినవారిని మంచం మీది నుంచే మరిగే కాగులోకి జారవిడిచి చంపేవాడని చదివాను. అది నిజంగా జరిగిందా? ఆ ఇల్లు ఇప్పటికీ ఉందా?

జవాబు: ఇల్లు ఉంది. హత్యలు మాత్రం 1600 ప్రాంతంలో మరణించిన థామస్ డిలోనీ రాసిన ‘థామస్ ఆఫ్ రీడింగ్’ అనే కథలోనివి. డిలోనీ పట్టునేత పనివాడు. తన కాలానికి దాదాపు 500 ఏళ్ల వెనకటి మొదటి హెన్రీ రాజు ఏలుబడిలో జరిగినట్టుగా ఆయన ఈ కథ నడిపాడు.

రీడింగ్‌కు చెందిన సంపన్న బట్టల వర్తకుడు థామస్ కోల్, లండన్ రాకపోకల్లో ఇక్కడ దిగుతూ, తన డబ్బును తెల్లవారేదాకా భద్రపరచమని ఇంటావిడ చేతికే ఇచ్చేవాడు. అలాంటివాడు ఒంటరిగా వచ్చినప్పుడు యజమాని జార్మన్ ‘కావాలంటే బలిసిన పంది ఒకటి ఉంది’ అనేవాడు. భార్య ‘రేపటిదాకా దొడ్డిలో ఉంచు’ అని బదులిచ్చేది. ఆ దొడ్డి వంటశాలకు సరిగ్గా పైనున్న గది. అందులోని మంచాన్ని నేలలోని చెక్కతలుపుకు బిగించి ఉంచేవారు. కింది నుంచి రెండు ఇనుప శీలలు లాగితే తలుపు వాలి, నిద్రలో ఉన్న మనిషి కాగులో పడేవాడు. 60 మంది ఇలా పోయాక, కోల్ గుర్రం కట్టు తెంచుకుని దారిన పడడంతో గుట్టు రట్టయి, దంపతులు ఉరికంబమెక్కారు.

దీన్ని ఇప్పటి ఆస్ట్రిచ్‌కు అంటగట్టేవారు కథ ముగింపును పట్టించుకోరు. హత్య జరిగిన ఇంటిని పూర్తిగా తగలబెట్టాలనీ, ఆ శాపగ్రస్త స్థలంలో ఎవరూ మళ్లీ ఇల్లు కట్టకూడదనీ రాజు ఆజ్ఞాపించాడని డిలోనీ స్పష్టంగా రాశాడు. కథనే సాక్ష్యంగా తీసుకున్నా, నేడు నిలిచి ఉన్న ఇల్లు అది కాజాలదు.

అయినా ఈ కథను పుక్కిటి పురాణమని పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే ఇందులోని భయం నిజమైనది. సరుకమ్మిన రొక్కంతో తిరిగే వర్తకుడికి, ముక్కూముఖం తెలియని యజమానిని నమ్మడం తప్ప రాత్రిపూట వేరే దారి ఉండేది కాదు. విడిదిలో అతిథి సొత్తు పోతే దాని బాధ్యత యజమానిదేనని ఇంగ్లాండు న్యాయస్థానం 1584లో, కాలీ వ్యాజ్యంలో, వివరంగా చెప్పింది. డిలోనీ పాఠకులు బతికిన కాలం సరిగ్గా అదే.

ఆస్ట్రిచ్ 1106లో వెలసిందని చెప్పుకుంటారు గాని, ఇప్పుడు కనిపించే కొయ్యచట్రపు కట్టడం అంత పాతది కాదు, సుమారు 16వ శతాబ్దం నాటిది. లండన్ నుంచి బాత్ నగరానికి వెళ్లే పాత రహదారి మీద ఉండడమే ఆ ఊరి విడిదులకు బతుకుతెరువు. 1841లో లండన్-బ్రిస్టల్ రైలుమార్గం పూర్తయ్యాక ఆ దారిలో గుర్రపుబళ్ల రాకపోకలు పడిపోయాయి.