గుమ్మం కెమెరా ఇంకా పాత అద్దెవాళ్ల ఫోన్‌లోనే ఉంది

ప్రశ్న: నిజాంపేటలో కొత్తగా అద్దెకు దిగాం. ముందున్నవాళ్లు పెట్టించిన గుమ్మం కెమెరా, వైఫై రూటర్ వాడుకోండి అన్నారు ఓనర్ గారు. కెమెరా రీసెట్ చేసినా నా యాప్‌లో చేరట్లేదు, వేరే అకౌంట్‌లో ఉందంటోంది. కరెంటు బిల్లు మెసేజ్ కూడా వాళ్ల నంబర్‌కే పోతోంది. ఏం చేయాలి?

ఇళ్లు మారే సీజన్ వస్తే చాలు, ఇదే ఉత్తరం ఊరు పేరు మార్చుకుని వస్తుంది. అసలు భయపడాల్సింది కెమెరా చేరనందుకు కాదు. చాలా కెమెరాల్లో పిన్నుతో నొక్కే రీసెట్ బటన్ వైఫై వివరాలను మాత్రమే చెరిపేస్తుంది, కంపెనీ సర్వర్‌లో అది పాతవాళ్ల పేరు మీదే ఉంటుంది. మామూలుగా వాళ్లు తమ యాప్‌లోంచి తీసేస్తే తప్ప మీది కాదు. మీరైతే రీసెట్ చేశారు, చాలామంది అదీ చేయరు. పాలు పొంగించి, సామాను సర్దుకుని, వెలుగుతున్న కెమెరాను వెలుగుతున్నట్టే వదిలేస్తారు. రూటర్ అదే, పాస్‌వర్డ్ అదే, కాబట్టి ఇంటావిడ ఎన్నింటికి ఆఫీసుకు వెళ్తున్నారో, పిల్లలు ఏ టైముకు ఒంటరిగా తాళం తీసుకుని లోపలికి వస్తున్నారో, ఇల్లు ఎన్ని రోజులు ఖాళీగా ఉందో ముక్కూమొహం తెలియని ఒక మనిషి ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. సిమ్‌తో నడిచే కెమెరా అయితే వైఫై మార్చినా లాభం లేదు. పాతవాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ ఆ ఫోన్ రేపు ఎవరి చేతిలో పడుతుందో!

ఈ కెమెరాలు తయారుచేసేవాళ్ల మీద నాకు కోపం. దొంగిలించిన కెమెరా ఇంకొకడు వాడకుండా అకౌంట్‌కు కట్టేయడం మంచిదే. కానీ సగం నగరం అద్దె ఇళ్లలో ఉండే చోట ‘ఇల్లు ఖాళీ చేస్తున్నాను’ అని ఒక బటన్ పెట్టాలని ఎవరికీ తట్టకపోవడం ఏమిటి? ఓనర్ ద్వారా పాతవాళ్లకు ఫోన్ చేయించండి, లైన్‌లో ఉండగానే యాప్‌లోంచి తీసేయమనండి. తీయకపోతే ఆ కెమెరాను ఊడదీసి ఓనర్‌కు ఇచ్చేయండి.

ఇక రూటర్. కనెక్షన్ పాతవాళ్ల పేరు మీద ఉండగా మీరు వాడొద్దు. ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు ఇది ఇంకా గట్టిగా చెప్తున్నా: మీ పేరు మీద ఉన్న నెట్ నుంచి ఎవరు ఏ వెధవ పని చేసినా పోలీసులు ముందు తట్టేది మీ తలుపే. కనెక్షన్ రద్దు చేయించి, రద్దయినట్టు రాతపూర్వకంగా తీసుకుని వెళ్లండి. కొత్తగా దిగినవాళ్లు తమ పేరు మీద కనెక్షన్ తీసుకుని, వైఫై పాస్‌వర్డ్‌తో పాటు రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ (రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి కొట్టేది) కూడా మార్చాలి. రెండోది ఎవరూ మార్చరు, రూటర్ వెనక స్టిక్కర్ మీద అచ్చేసి ఉన్నా సరే. ఆపరేటర్ ఇచ్చిన పెట్టెను మీరే రీసెట్ చేస్తే సెట్టింగులు పోయి నెట్ ఆగిపోవచ్చు, వాళ్ల మనిషి చేత చేయించండి.

కరెంటు మీటర్ ఓనర్ పేరు మీదే ఉండనివ్వండి, మొబైల్ నంబర్ మాత్రం మార్పించండి. అసలు బిల్లు మెసేజ్ రానివాళ్లకే ‘ఈ రాత్రి 9:30కి కరెంటు కట్’ అనే దొంగ మెసేజ్ నిజమనిపిస్తుంది. గేటు సందులో దోపి వెళ్లే బిల్లు చీటీ మీద సర్వీస్ నంబర్ ఉంటుంది, దాన్ని ఏ పేమెంట్ యాప్‌లో కొట్టినా ఓనర్ పేరు, కట్టాల్సిన మొత్తం కనిపిస్తాయి. దొంగ మెసేజ్ పంపినవాడు ఆ రెండూ కరెక్టుగా చెప్పాడని నమ్మి, వాడు పంపిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ ఎక్కించే ఫైల్) ఫోన్‌లో వేసుకున్నారంటే ఓటీపీలు వాడికే పోతాయి. డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

గ్యాస్ సంగతి తేలిక. ఊరు మారితే బండ, రెగ్యులేటర్ ఏజెన్సీలో అప్పగించి డిపాజిట్, అప్పగించినట్టు కాగితం తీసుకోండి. గ్యాస్ ఏజెన్సీలో కూడా మొబైల్ నంబర్ మార్చకపోతే డెలివరీ కోడ్ పాత ఫోన్‌కే వెళ్తుంది, బండ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది.