నాచు పాలిపోతే పోషకం పోయినట్టేనా?

ప్రశ్న: ఉప్పాడ తీరంలో వెదురు తెప్పలపై కప్పాఫైకస్ అనే సముద్రపు నాచు వేశాం. గోదావరి వరదల తర్వాత రంగు పోయింది. పోషకాలు తగ్గుతాయా?

జవాబు: పాలిపోవడం రెండు రకాలండీ. మొక్కంతా సమానంగా పసుపెక్కితే నీటిలో నత్రజని చాలలేదు. మాంసకృత్తులు తగ్గి, పిండిపదార్థాల వాటా పెరుగుతుంది. కొమ్మ మధ్య తెల్లబడి విరిగితే అది ఐస్-ఐస్ తెగులు. ఈ నాచుకు లీటరుకు 30-35 గ్రాముల ఉప్పుండాలి. వరద నీరు ఉప్పు తగ్గిస్తుంది, ఒండ్రు వెలుతురు అడ్డుతుంది. అప్పుడు కారాజీనన్ (ఈ నాచు నుంచి తీసే జిగురు పదార్థం) దిగుబడి, దాని గట్టిదనం రెండూ పడిపోతాయి. తెల్లబడ్డ ముక్కలు కోసి ఒడ్డుకు తెచ్చేయండి, నీళ్లలో వదలొద్దు. వరదలకు ముందే, 45 రోజులకు కోసుకోవడం మేలు. మంచినీళ్లలో నానబెట్టకండి, పొటాషియం కారిపోతుంది. సముద్రపు నీటితోనే కడగండి.