ఫెర్మా తప్పిన చోట

ప్రశ్న: 2³²+1, అంటే 4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా? 3, 7, 11, 13లతో భాగించి చూశాను, పోలేదు. వర్గమూలం 65,536 దాటుతోంది. అన్నిటితో భాగించాలా?

జవాబు: అక్కర్లేదు. ఇది ప్రధానమనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ 641తో విడగొట్టాడు: 641 × 67,00,417.

ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకమైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. కాబట్టి 65, 129, 193... ఇలా 64 చొప్పున పెంచుకుంటూ వెళ్లి ప్రధానాలను మాత్రమే ఏరండి: 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలోనే దొరికిపోతుంది!

భాగహారం లేకుండానూ తేలుతుంది, ఇది మరీ ముచ్చటైన దారి. 641 = 5×2⁷+1 కనుక 5×2⁷ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు (641కి ఒకటి తక్కువ). నాలుగో ఘాతం తీస్తే 5⁴×2²⁸కి శేషం 1. మరోవైపు 641 = 5⁴+2⁴, అంటే 5⁴ బదులు −2⁴ రాయొచ్చు. అప్పుడు −2³²కి శేషం 1 అవుతుంది, 2³²+1కి శేషం సున్నా. ఇక్కడ చాలామంది మైనస్ గుర్తు వదిలేస్తారు, జాగ్రత్త.

ప్రోగ్రాం రాసి చూస్తే 64 బిట్ల వేరియబుల్ వాడండి. 32 బిట్ల అన్‌సైన్డ్ (మైనస్ విలువలు లేని) వేరియబుల్‌లో ఈ సంఖ్య పట్టదు, 1గా మారిపోతుంది.